సగం పాఠాల వానాకాలం

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే మా ఆయన నడిపే బస్సులోకి ఒక పెట్టె వచ్చింది. డ్రైవర్ సీటు వెనక ఇద్దరు కూర్చునే సీటు పీకేసి, అక్కడ బూడిదరంగు ఇనప్పెట్టె ఒకటి బోల్టులతో బిగించారు. బస్సు నెత్తిన కొమ్ములాంటిది ఒకటి నిలబెట్టారు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టాడు.

"పాఠాల పెట్టెట! రాత్రంతా డిపోలో పాఠాలు మేస్తుందిట. పొద్దున బండి ఆగిన చోటల్లా ఫోన్లలోకి వదులుతుందిట. చదువుకునేవాళ్ళు స్టాపుల్లో నిలబడి పట్టుకోవాలిట. ఏం పట్టుకుంటారో ఏమో, నాకు మాత్రం రెండు సీట్లు పోయాయి."

"ఎలా వదులుతుంది? తీగ ఉంటుందా?" అన్నాను.

"నాకేం తెలుసు? నేను నడిపేది బండిని, పెట్టెని కాదు."

మంచం మీద కూర్చున్న మా అత్తయ్య చెవి ఇటు వేసింది. "గాల్లో వస్తాయా ఏమిట్రా పాఠాలు? మరి వానకి తడిసిపోవూ?"

ఆయన నవ్వి స్నానానికి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం అన్నం సయించలేదు. చిన్నప్పటి నుంచీ నాకిదొక జబ్బు. ఏదైనా సంగతి సగం తెలిసిందంటే, మిగతా సగం తెలిసేదాకా కాలు ఒకచోట నిలవదు.

ఆ పెట్టె నా కోసమే వచ్చిందని ఆయనకి తెలియదు. మా వీధి చివర పసిపిల్లల బడిలో నేను ఆయాని. ముక్కులు తుడవడం, నిద్రపుచ్చడం నా పని. అక్కడి టీచరమ్మ వానాకాలం వెళ్ళగానే రిటైరైపోతోంది. "నీకు పది ఉండుంటే నా కుర్చీలో నిన్నే కూర్చోబెట్టేవాళ్ళు. పిల్లలు నా మాట కంటే నీ మాటే వింటారు. ఎనిమిదితో ఆపేశావు, ఏం చెయ్యను?" అనేది. ఆ మాట విన్న నెలకి దూరవిద్య వాళ్ళు వ్యాన్ వేసుకుని మా కూడలికి వచ్చారు. మా వైపు ఫోన్ సిగ్నల్ కాకి వాలినట్టు వాలి, చూసేలోపు ఎగిరిపోతుంది. అందుకని పదో తరగతి పాఠాలు బస్సులో పంపుతామన్నారు. రోజూ ఒక పాఠం. వారానికోసారి ప్రశ్నలు. జవాబులు మన గొంతుతో చెబితే అవి కూడా అదే పెట్టెలో తిరిగి వెళ్తాయి. వానలు తగ్గాక పరీక్ష. నేను చేరిపోయాను.

ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే, మా ఇంట్లో నా పేరే ఆరంభశూరత్వం. కుట్టు నేర్చుకుంటానని మిషన్ కొన్నాను, ఇప్పుడు దాని మీద అత్తయ్య మందులుంటాయి. టైపు నేర్చుకుంటానని వెళ్ళాను, వేళ్ళన్నీ అక్షరాల మీద కుదురుకునేలోపు మానేశాను. చుట్టాలొస్తే చాలు, మా ఆయన మొదలుపెట్టేవాడు. "మా ఆవిడ మొదలుపెట్టనిది లేదు. పెళ్ళొక్కటే ఇంకా మధ్యలో వదల్లేదు." అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయేది. అందుకే ఈసారి పాసయ్యాకే చెబుదామని ఒట్టు పెట్టుకున్నాను. అత్తయ్యకి మాత్రం చెప్పక తప్పలేదు, ఒకే గదిలో మెలిగే మనిషి.

"వాడికి నేనెందుకు చెబుతానే? కానీ నాక్కూడా వినిపించాలి. లేకపోతే చెప్పేస్తా," అంది అత్తయ్య.

మా ఆయన తెల్లారకముందే పాలవ్యాన్ ఎక్కి డిపోకి వెళ్తాడు. పొద్దెక్కాక బండి తీసుకుని మా కూడలి మీదుగా వస్తాడు. ఎక్కేవాళ్ళు ఎక్కడం, దిగేవాళ్ళు దిగడం, పోవడం. తిరుగు ప్రయాణం వేరే దారి. డిపోలో ఆయన్ని అందరూ గడియారం అంటారు. బస్సు చూసి గోడ గడియారాలు సరిచేసుకునే ఇళ్ళున్నాయి మా దారిలో. టైం తప్పని డ్రైవర్‌కి డిపో వాళ్ళు ఏటేటా ఇచ్చే షీల్డు ఇంకొకరింట్లో ఉన్నట్టు నాకు తెలియదు. అన్నీ మా అలమరలోనే, వరసగా.

మొదటిరోజు ఆయన నిజంగానే ఫ్లాస్కు మర్చిపోయి వెళ్ళాడు. సాకు దొరికింది కదా అని అది పట్టుకుని, ఫోను చేతిసంచిలో పడేసి గొడుగేసుకుని స్టాపుకి వెళ్ళాను. అక్కడ అప్పటికే కొందరున్నారు. మా పక్క వీధిలో బట్టలు కుట్టే పిన్ని, కాటా దగ్గర లారీలు తూచే అమ్మాయి, ఇంకా ఒకరిద్దరు. అందరూ బస్సు తలుపు దగ్గర మూగారు. నాకు మాత్రం వ్యాన్ వాళ్ళు చెప్పిన మాట గుర్తుంది. పెట్టెకి ఎంత దగ్గరగా నిలబడితే అంత త్వరగా పాఠం దిగుతుంది. పెట్టె ఉన్నది డ్రైవర్ వెనక. అందుకని అటు తిరిగి వెళ్ళి మా ఆయన కిటికీ కింద నిలబడ్డాను. సంచిలో ఫోను తెరమీద, పాఠం ఎంత దిగిందో చూపే గుండ్రం కొద్దికొద్దిగా నిండుతోంది.

"ఫ్లాస్కు మర్చిపోయారు," అన్నాను.

ఆయన ఫ్లాస్కు వంక చూశాడు, తడిసిన గొడుగు వంక చూశాడు, నా వంక చూశాడు. "దీనికోసం ఇంత వానలో వచ్చావా?"

"ఊఁ."

వెనక నుంచి కండక్టర్ తమ్ముడు ఈల వేశాడు. మా ఆయనకి వరసకి తమ్ముడే, నోటికి హద్దుండదు. "అన్నా! నాకు టిక్కెట్లు కొట్టడానికి టైం చాలట్లేదు, నువ్వు సంసారం కూడా ఇక్కడే పెట్టావా?"

బస్సంతా గొల్లుమంది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గేరు వేసి, ఎప్పటికంటే ఇంకాస్త ముందే లాగించేశాడు. సంచిలో గుండ్రం సగానికి వచ్చి ఆగిపోయింది.

ఇంటికొచ్చి విన్నాం. దూరంగా ఎక్కడో ఉన్న ఒక మేడం గొంతు. చక్కటి గొంతు, తొందరలేని గొంతు. ఒక కోట, దాని చుట్టూ శత్రువులు, లోపల తిండి గింజలు అడుగంటాయి. "అప్పుడు రాణి పెద్దలందరినీ పిలిచి తన నిర్ణయం చెప్పింది. ఆ నిర్ణయం ఏమిటంటే..." అంతే. తెర నల్లబడింది.

"ఏమిటంటే?" అంది అత్తయ్య.

"అంతే వచ్చింది."

"అంతే రావడమేమిటే! రాణి ఏమైంది?"

మర్నాడు అడిగినా ఆ పెట్టె పాతది ఇవ్వదు, కొత్త పాఠమే. అదీ సగమే. అత్తయ్య మూడు రోజులు రాణి గురించే బెంగపెట్టుకుని చివరికి తనే తేల్చేసింది. "మురుగు కాలవలోంచి పిల్లల్ని బయటికి పంపేసి ఉంటుంది. నేనైతే అదే చేసేదాన్ని."

వారం తిరిగేసరికి ఇంకో సంగతి గమనించాను. గుండుసూది కూడా మర్చిపోని మనిషి రోజూ ఏదో ఒకటి మర్చిపోతున్నాడు. ఒకరోజు చేతిరుమాలు, ఒకరోజు కళ్ళద్దాలు. అవి కూడా నాకు కనిపించేట్టు అలమర అంచున పెట్టి మరీ మర్చిపోతున్నాడు. పైగా తల దువ్వుకోవడం ఎక్కువైంది. నేను తన కోసం వస్తున్నాననుకుంటున్నాడు! నవ్వొచ్చింది, వెంటనే పాపం అనిపించింది. నిజం చెబుదామని నోటిదాకా వచ్చేది. చెబితే వచ్చే వెక్కిరింత గుర్తొచ్చి మింగేసేదాన్ని. చిక్కేమిటంటే, ఆయనకి మురిపెం ఎంత ఉందో సిగ్గూ అంతే ఉంది. నేను కిటికీ దగ్గరకి రాగానే రుమాలు అందుకుని బండి ఉరికించేవాడు. నా పాఠాన్ని నేనే తరిమేస్తున్నానన్నమాట. పోనీ తలుపు దగ్గర నిలబడదామంటే అక్కడ పావు కూడా దిగదు.

స్టాపులో మా అందరిదీ ఒకటే గతి. లెక్కల పాఠంలో లెక్క వచ్చేది, చేసే పద్ధతి వచ్చేది కాదు. సైన్సులో ప్రశ్న వచ్చేది, జవాబు వచ్చేది కాదు. బస్సు వెళ్ళాక వాన పడుతున్నా కదలకుండా అక్కడే నిలబడి, ఎవరికి ఎంత దిగిందో చూసుకుని, మిగతాది ఏమై ఉంటుందా అని వాదించుకునేవాళ్ళం. ఒకరోజు కుట్టు పిన్ని ఉండబట్టలేక కిటికీ దగ్గరకెళ్ళి అడిగేసింది.

"బాబూ, ఇంకాస్త ఆపవయ్యా, పాఠం దిగుతోంది."

"టైం అంటే టైమమ్మా. ఇక్కడ ఆపితే ప్రతి స్టాపులోనూ ఆపాలి," అన్నాడు మా ఆయన. మర్యాదగానే అన్నాడు. కానీ ఆపలేదు.

పిన్ని నా మీద పడింది. "ఇంట్లో అడగొచ్చు కదే! నీ మొగుడేగా!"

"నేను చదువుతున్నట్టు ఆయనకి తెలీదు పిన్నీ. చెప్పావంటే నా మీద ఒట్టే."

ఆమె నన్నొక వింత జంతువుని చూసినట్టు చూసింది. కానీ ఒట్టు నిలబెట్టుకుంది.

ఇనుము పాఠం వచ్చింది ఆ వారమే. "పొద్దున్నే ఒక ఇనపకడ్డీని, ఒక చెక్కని ముట్టుకోండి," అంది మేడం గొంతు. "ఇనుము చల్లగా ఉంటుంది, చెక్క ఉండదు. కానీ రెండూ రాత్రంతా ఒకే గదిలో ఉన్నాయి, నిజానికి రెండిటి వేడీ ఒక్కటే. మరి ఇనుమే ఎందుకు చల్లగా తగులుతుంది?" అక్కడ తెగిపోయింది.

"ఇనుము గుణమే అంత. కొందరు మనుషుల్లాగ," అని అత్తయ్య కళ్ళు మూసుకుంది.

నాకు ఊపిరాడలేదు. తలుపు గొళ్ళెం ముట్టుకున్నాను, తలుపు ముట్టుకున్నాను. గరిటె పట్టుకున్నాను, దాని చెక్కపిడి పట్టుకున్నాను. బడిలో పిల్లల ఊయల గొలుసు పట్టుకుని అలాగే నిలబడిపోతే, టీచరమ్మ ఒంట్లో బాగాలేదా అని అడిగింది. చాలాసేపు పట్టుకుంటే గొలుసు వెచ్చబడుతోంది, నా అరచెయ్యి చల్లబడుతోంది. చెక్క మాత్రం నా చేతి నుంచి ఏమీ అడగట్లేదు. అప్పుడు తెలిసిపోయింది. ఆ రోజంతా నా సంతోషం ఇంతా అంతా కాదు. ఒక పసివాడు నా మీద పాలు కక్కినా నవ్వుతూనే తుడిచాను.

వారం ప్రశ్నల్లో అదే వచ్చింది. ఫోన్లో నా జవాబు చెప్పాను. "చల్లగా ఉన్నది ఇనుము కాదు మేడం, చల్లబడింది నా చెయ్యి. ఇనుము నా వేడిని గబగబా లాగేసుకుంటోంది. చెక్కకి అంత ఆకలి లేదు."

కొన్నాళ్ళకి పెట్టెలో నాకు మేడం గొంతు వచ్చింది. పాఠం కాదు, నాతోనే మాట్లాడుతోంది. "మీ స్టాపు వాళ్ళ జవాబులు చాలా చిత్రంగా ఉంటున్నాయమ్మా. ఆ రాణికి ఒక్కొక్కరు ఒక్కో ముగింపు చెప్పారు. మీ ఇనుము జవాబు సరైనదే. కానీ పాఠంలో చెప్పిన మాటలు ఒక్కటీ అందులో లేవు. పాఠం పూర్తిగా వినట్లేదా మీరు?"

ఆ 'వినట్లేదా' దగ్గర నాకు తిక్కరేగింది. నిద్ర మానుకుని సగాలు అతికించుకుంటున్న వాళ్ళని పట్టుకుని అనాల్సిన మాటేనా అది? వెంటనే ఫోన్ అందుకున్నాను. "పూర్తిగా వస్తేగా మేడం వినడానికి! మాకు సగమే దిగుతోంది, మిగతా సగం మేమే వండుకుంటున్నాం. మా బస్సు డ్రైవర్‌కి ఏం తొందరో ఏమో, ఆగినట్టే ఆగి పారిపోతాడు. ఆయనకి టైం తప్ప మనుషులు కనపడరు. మీరైనా గట్టిగా చెప్పించండి." మర్నాడు కళ్ళద్దాల పెట్టె కిటికీలోంచి అందిస్తూ ఆ మాటలు పెట్టెలోకి పంపేశాను. ఆయన నన్ను చూసి నవ్వాడు.

తర్వాతి వారంలో ఒక సాయంత్రం ఆయన ఇంటికొచ్చి మాట్లాడకుండా స్నానం చేశాడు, మాట్లాడకుండా తిన్నాడు. అత్తయ్య నా వంక చూసింది. నేను కంచం తీస్తుంటే అడిగాడు.

"ఇనుముకి ఆకలెక్కువా?"

కంచం మళ్ళీ కింద పెట్టేశాను.

"డిపోలో విన్నాను. పైఆఫీసు నుంచి వచ్చిందిట, డిపో మేనేజర్ సారు డ్రైవర్లనీ కండక్టర్లనీ అందరినీ నిలబెట్టి వినిపించాడు. ముందు ఇనుము, తర్వాత డ్రైవర్." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "స్టీరింగు పొద్దున్నే మంచులా ఉంటుంది. సీటు అలా ఉండదు. ఇన్నేళ్ళలో ఎందుకా అని ఒక్కరోజూ అనుకోలేదు నేను."

"అది... నేను చెబుదామనే..."

"మరి రోజూ వచ్చింది నాకోసం కాదన్నమాట."

అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు. "కాదు," అన్నాను. ఆయన తలూపి లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఎంత తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

తెల్లారి లేచి చూస్తే అలమర అంచు ఖాళీగా ఉంది. రుమాలు, కళ్ళద్దాలు, ఫ్లాస్కు అన్నీ తీసుకుని వెళ్ళాడు. స్టాపుకి వట్టి చేతులతో వెళ్ళాను. వెళ్ళాలనిపించలేదు, మానితే మళ్ళీ ఆరంభశూరత్వమే అవుతుందని వెళ్ళాను. కిటికీ దగ్గరకి పోయే మొహం లేక అందరితో పాటు తలుపు దగ్గర నిలబడ్డాను.

బస్సు వచ్చింది, ఆగింది. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. అప్పుడు ఇంజను ఆగిపోయింది. మా ఆయన తలుపు తీసుకుని వానలోకి దిగాడు. చేతిలో చిన్న ఇనపరాడ్డు. ఎవరి వంకా చూడకుండా ముందు టైరు దగ్గరకెళ్ళి టంగుమని కొట్టాడు. చెవి పెట్టి విన్నాడు. మళ్ళీ కొట్టాడు. రెండో టైరు దగ్గరకి నడిచాడు, పెళ్ళినడకలో.

"టైరుకేమైంది బాబూ?" అని ఒక పెద్దాయన లోపలి నుంచి అరిచాడు.

"అదే అడుగుతున్నాను దాన్ని," అన్నాడు మా ఆయన.

కండక్టర్ తమ్ముడు మెట్టు మీద నుంచి వంగి నా చెవిలో చెప్పాడు. "నిన్న డిపోలో నీ గొంతు వినగానే తెలిసిపోయింది వదినా. ఈమెవరో తెలుసా అని సారు అడిగితే నేను నోరు తెరిచాను, అన్న నా కాలు తొక్కాడు చూడు, ఇప్పటికీ వాపు! ఎవరో ప్యాసింజరై ఉంటుంది సార్ అన్నాడు. బండి ఎక్కువసేపు ఆపమంటారా అని అడిగితే, పైనుంచి ఆర్డరు వచ్చేదాకా టైం ప్రకారమే అని సారు తేల్చేశాడు."

"మరి ఈయన ఆపాడేమిటి?"

"అది నన్నడుగుతావేంటి వదినా!"

సంచిలో ఫోను టింగుమంది. పిన్ని ఫోను, కాటా అమ్మాయి ఫోను, ఒకదాని తర్వాత ఒకటి టింగుటింగుమన్నాయి. గుండ్రం నిండితే అలా మోగుతుందని మాకెవరికీ అప్పటిదాకా తెలియదు. మా ఆయన ఆఖరి టైరుని ఒకసారి తట్టి, ఎక్కి, వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఒక్కరోజు కూడా తప్పలేదు. ఒకరోజు టైరు, ఒకరోజు అద్దం తుడవడం, ఒకరోజు ఏమీ తోచక హారన్ బాగుందో లేదో చూడటం. బండి రోజూ ఆలస్యమే. దారిలో గడియారాలు సరిచేసుకునే ఇళ్ళవాళ్ళు ఇబ్బందిపడ్డారు. సారు రెండుసార్లు పిలిచి చీవాట్లు పెట్టాడు. ఆర్డరు మాత్రం రాలేదు. ఆ ఏడు షీల్డు వేరే డ్రైవర్‌కి వెళ్ళింది. అలమరలో దాని కోసం జరిపి ఉంచిన చోట అత్తయ్య తన మందులు పెట్టుకుంది.

నాతో మాత్రం కొన్నాళ్ళు ముక్తసరిగానే ఉన్నాడు. ఉప్పు, నీళ్ళు, అంతే. చివరికి ఆయన్ని మాట్లాడించింది నేను కాదు, పాఠాలే. టైర్లు కొట్టేటప్పుడు మా ఫోన్లలో మోగే మొదటి మాటలు ఆయన చెవిన పడేవి. ఆ ముక్క నోట్లో పెట్టుకుని రోజంతా బండి నడిపేవాడు. ఒక సాయంత్రం ఇక ఆపుకోలేక అడిగాడు.

"ఆ చేపలు పుట్టిన ఏటికే తిరిగి వస్తాయన్నారు కదా. దారి ఎలా తెలుస్తుందిట?"

"వాసన పట్టిట."

"నీళ్ళలోనా?" చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. "నేను దారిలో గుర్తులు పెట్టుకుంటాయనుకున్నా. బండరాళ్ళూ అవీ."

"నేనూ అదే అనుకున్నాన్రా," అంది అత్తయ్య మంచం మీంచి. ఆ రాత్రి ముగ్గురం చేపల గురించి పోట్లాడుకుని ఆలస్యంగా పడుకున్నాం. అంతకుముందు మా ఇంట్లో అన్నాలవేళ గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

పరీక్ష టౌనులో రాశాను. వెళ్ళింది ఆయన బస్సులోనే. టిక్కెట్ కొట్టించుకునే వెళ్ళాను. ఎలా రాశావని అడగలేదు, నేనూ చెప్పలేదు. వానలు పూర్తిగా వెనకపట్టాయి. బడిలో టీచరమ్మ తన సామాను సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఫలితాలు కూడా పెట్టెలోనే వచ్చాయి. ఆ రోజు వాన లేదు, ఎండ కాస్తోంది. బస్సు ఆగింది, ఆయన రాడ్డు పట్టుకుని దిగాడు కానీ ఏ టైరూ కొట్టలేదు. ముందు చక్రం దగ్గర ఊరికే నిలబడ్డాడు. పిన్నికి లెక్కలు పోయాయి, మళ్ళీ రాస్తానంది. కాటా అమ్మాయి పాసై గంతులేసింది. నా ఫోను టింగుమన్నా చూసుకోవడానికి చేతులు రాలేదు. పిన్నే లాక్కుని చూసి, నన్ను గట్టిగా పట్టుకుని, "పోవే, పోయి చెప్పు," అని అటు తోసింది.

చక్రం దగ్గరకి నడిచాను. "పాసయ్యాను," అన్నాను. "అన్నీ."

ఆయన తల కిందికి దించి రాడ్డు వంక చూస్తూ ఉండిపోయాడు. బస్సులో వాళ్ళందరూ కిటికీల్లోంచి చూస్తున్నారు. కండక్టర్ తమ్ముడు కూడా మెట్టు మీద నుంచి వంగి చూస్తున్నాడు.

"ముందే చెప్పుంటే మొదటిరోజే ఆపేవాణ్ణి కదే," అన్నాడు మెల్లగా. "ఎందుకు చెప్పలేదు?"

"నవ్వుతారనుకున్నాను."

మా ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు.

"నవ్వేవాణ్ణే," అన్నాడు. "నవ్వి, ఆపేవాణ్ణి."